పాలారుకు ఇవతల రైలు, అవతల ఊరు

మా ఊరు కే.వి.కుప్పం అంటే చాలామంది చిత్తూరు జిల్లా కుప్పం అనుకుంటారు. చుట్టాల పెళ్ళిళ్ళకు పోయినప్పుడల్లా నాకు ఇదే తంటా. "ఏ కుప్పమమ్మా, చంద్రబాబు కుప్పమేనా?" అని అడుగుతారు. కాదండీ, మాది తమిళనాడు కుప్పం, గుడియాత్తానికీ కాట్పాడికీ నడుమ ఉండేది, అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఈ ఏడు పత్రికకు చరిత్ర వ్యాసం రాయమని మా సోషల్ సారు చెప్పగానే తరగతిలో సగం మంది వేలూరు కోటను తీసుకున్నారు. మిగతా సగం మంది 1806 జూలై 10న ఆ కోటలో జరిగిన సిపాయిల తిరుగుబాటును తీసుకున్నారు. నేను బస్టాండు తీసుకున్నాను. అందరూ నవ్వారు. బస్టాండుకు చరిత్ర ఏముంటుందే అన్నారు. ఉంది. కోటకు ఉన్నంత పాతది కాకపోయినా, మన ఇంటి వాకిలి దాకా వచ్చే చరిత్ర అది. వేలూరు నడిబొడ్డు ఎవరికోసం ఎప్పుడెప్పుడు మారింది, ఆ మార్పు మనలాంటి పక్క ఊళ్ళవాళ్ళకు ఎంతవరకు చేరింది అనేదే నేను చెప్పాలనుకున్నది.

ముందు కోట దగ్గరే మొదలుపెడతాను, లేకపోతే సారు ఒప్పుకోరు. వేలూరు కోట 16వ శతాబ్దంలో విజయనగర రాజుల కింద ఉన్న నాయకులు కట్టించినది. 17వ శతాబ్దం మొదట్లో అరవీటి వంశపు వేంకటపతి రాయలు చంద్రగిరి నుంచి రాజధానిని ఇక్కడికి తెచ్చాడు. మా తాత ఇప్పటికీ వేలూరు అనడు, రాయవేలూరు అంటాడు. ఆ పేరులోని రాయలు వీళ్ళే. కోట, చుట్టూ కందకం, దానికి ఎదురుగా అంగళ్ళు. ఊరు అలా కోట చుట్టూ పెరిగింది. ఎడ్లబండ్ల కాలంలో అది చాలు.

తరువాత రైలు వచ్చింది. దక్షిణ భారతదేశంలో మొదటి రైలు 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా, అంటే సుమారు 100 కిలోమీటర్లు నడిచింది. ఆ లైనునే పడమటికి పొడిగిస్తూ కాట్పాడి, గుడియాత్తం, ఆంబూరు మీదుగా 1862 నాటికి అరేబియా సముద్రం ఒడ్డున ఉన్న బేపూరు దాకా కలిపారు. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరుకు ఒక శాఖ వేశారు. మన లత్తేరి, కావనూరు స్టేషన్లు ఉన్నది ఈ లైను మీదే. దేశంలోనే పాత లైన్లలో ఒకటి మన పొలాల పక్కన పోతా ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

కానీ ఒక చిక్కు ఉంది. ఈ పెద్ద లైను మన దగ్గర పాలారుకు ఉత్తరం వైపునే సాగుతుంది. వేలూరు ఊరు ఉన్నది దక్షిణం వైపు. అందువల్ల పెద్ద రైళ్ళు ఆగే స్టేషను కాట్పాడి అయింది. కోట, బజారు, కచేరీలు ఆరేడు కిలోమీటర్ల అవతల ఉండిపోయాయి. 1890ల మొదట్లో విళుప్పురం నుంచి వేలూరు మీదుగా కాట్పాడికి, అక్కడి నుంచి చిత్తూరు, పాకాల వైపు మీటర్ గేజి లైను వేశారు. అప్పుడు వేలూరుకు కూడా స్టేషన్లు వచ్చాయి గానీ మద్రాసుకో బెంగళూరుకో పోవాలంటే మాత్రం నది దాటి కాట్పాడికి రావలసిందే. ఈరోజుకీ అంతే. బయటి రాష్ట్రం నుంచి వేలూరుకు టికెట్టు తీసుకునేవాళ్ళు కాట్పాడి అనే పేరు చూసి మొదట కంగారుపడతారు.

మా తరం పిల్లలకు పాలారు అంటే ఇసుకే. 2021 నవంబరులో నిండా నీళ్ళు పారితే ఊరంతా తిరునాళ్ళకు పోయినట్టు చూడటానికి పోయాం. అలాంటి నది మీద వంతెన ఒకటి, దానికి అటూ ఇటూ రెండు ముక్కల ఊరు. వేలూరు రవాణా కథ మొత్తం ఈ వంతెన చుట్టూనే తిరుగుతుంది.

తెలుగువాళ్ళం గుర్తుపెట్టుకోవలసిన సంవత్సరం 1911. అంతకుముందు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. గుడియాత్తం వాళ్ళకు కలెక్టరు కచేరీలో పని పడితే చిత్తూరుకే పోయేవాళ్ళు. 1911లో చిత్తూరును వేరే జిల్లా చేశారు, ఉత్తర ఆర్కాటుకు వేలూరు ముఖ్యపట్టణం అయింది. ఒక్క ఉత్తర్వుతో మన ప్రయాణాల దిక్కు మారిపోయింది. అప్పటిదాకా ఉత్తరానికి పోయే జనం తూర్పుకు తిరిగారు. పెళ్ళి సంబంధాలు చిత్తూరు వైపు, కోర్టు వ్యవహారాలు వేలూరు వైపు. మా ఇంట్లో ఈ రెండు దిక్కులూ ఇంకా అలాగే ఉన్నాయి.

కచేరీల తరువాత వేలూరు నడిబొడ్డును పెంచింది ఆసుపత్రి. ఐడా స్కడర్ అనే అమెరికా డాక్టరమ్మ 1900లో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో ఆడవాళ్ళకోసం మెడికల్ స్కూలు తెరిచింది. అదే ఇప్పటి సి.ఎం.సి. ఇప్పుడు ఆ వీధిలో నడిస్తే లాడ్జీల బోర్డులు బెంగాలీలో కనబడతాయి, మెడికల్ షాపులో తెలుగు వినబడుతుంది, టీ అంగడిలో హిందీ. కోటకు దగ్గరలోనే పాత బస్టాండు, ఆసుపత్రి, లాంగ్ బజారు, నేతాజీ మార్కెట్టు. అన్నీ నడిచిపోయే దూరం. పల్లె నుంచి ఒక్కసారి బస్సు దిగితే డాక్టరును చూడొచ్చు, పప్పులూ ఉప్పులూ కొనుక్కోవచ్చు, పొద్దుగూకక ముందే ఇల్లు చేరొచ్చు. ఎవరో కూర్చుని గీసిన ప్లాను కాదు అది. జనం కాళ్ళు వేసిన ప్లాను.

కానీ ఆ ఇరుకు వీధులు బస్సులకు చాలలేదు. మద్రాసు–బెంగళూరు పెద్ద రోడ్డు పక్కన, గ్రీన్ సర్కిల్ దగ్గర, కొత్త బస్టాండు వచ్చింది. దూరం పోయే బస్సులు అక్కడికి పోయాయి. పెద్ద రోడ్డు పక్కకు పోయేసరికి ఊరి బరువు కూడా మెల్లగా అటు జరిగింది. ఇంకోవైపు కాట్పాడిలో 1984లో ఒక ఇంజనీరింగు కాలేజీ మొదలై ఇప్పుడు పెద్ద విశ్వవిద్యాలయం అయింది. వేలూరు 2008లో కార్పొరేషను అయింది, తరువాత కాట్పాడి కూడా అందులో కలిసింది. అంటే నదికి రెండు గట్లూ ఇప్పుడు కాగితం మీద ఒకే ఊరు.

ఇక స్మార్ట్ సిటీ సంగతి. కేంద్ర ప్రభుత్వం 2015 జూన్ 25న ఈ పథకం ప్రారంభించింది. దేశంలో 100 నగరాలను ఎంచుకుని ఒక్కొక్కదానికి అయిదేళ్ళలో 500 కోట్ల రూపాయల దాకా ఇస్తామని, అంతే మొత్తం రాష్ట్రం కలపాలని చెప్పింది. 2016 సెప్టెంబరులో వచ్చిన జాబితాలో మన వేలూరు ఉంది. అదే జాబితాలో తిరుపతి కూడా ఉంది. మా తాత పేపరు చూసి "రాయవేలూరు, తిరుపతి రెండూ ఒకే పట్టీలో వచ్చినాయి, మళ్ళీ రాయలవారి కాలమే" అన్నాడట. ఆ పథకం కింద జరిగిన పెద్ద పనుల్లో ఒకటి కొత్త బస్టాండును తిరిగి కట్టడం. సుమారు 53 కోట్ల రూపాయలతో కట్టిన ఆ బస్టాండును 2022 జూన్ 29న అప్పటి ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభించారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వేలూరు పేరు దేశమంతా మోగింది, వేరే కారణానికి. ఒక వీధిలో రాత్రికి రాత్రి కాంక్రీటు రోడ్డు వేశారు. వీధిలో నిలబెట్టిన మోటారుబైకును పక్కకు తీయకుండానే వేసేశారు. పొద్దున్నే లేచి చూస్తే చక్రాలు కాంక్రీటులో బిగుసుకుని ఉన్నాయి. ఆ ఫోటో చూసి నవ్వనివాళ్ళు లేరు. నాకు మాత్రం అది నవ్వులాటకన్నా ఎక్కువ అనిపించింది. రోడ్డు వేసినవాళ్ళకు రోడ్డే కనబడింది గానీ, దాన్ని వాడుకునే మనిషి కనబడలేదు.

కొత్త బస్టాండు బాగాలేదని నేను అనడం లేదు. బాగుంది. శుభ్రమైన నేల, ఎండా వానా పడని పైకప్పు. పాత రోజుల బురద గురించి అమ్మ చెప్పే మాటలు వింటే ఈ తేడా తెలుస్తుంది. మొదటిసారి మా అవ్వను అక్కడికి తీసుకుపోయాం. ఆమె చుట్టూ చూసి, కూర్చుని, ఒక అరగంట అయ్యాక అన్నది: "బిల్డింగు బాగుండాది. మన బస్సు యాడుండాది?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఉన్నప్పుడే మా బావతో ఫోనులో మాట్లాడాను. మా మేనమామ కొడుకు, అమెరికా నడుమ ఉన్న కాన్సాస్ సిటీలో చదువుకున్నాడు. ఆ ఊరి కథ విని ఆశ్చర్యపోయాను. ఒకప్పుడు అక్కడ ఊరంతా ట్రాములు తిరిగేవి. 1957లో చివరి ట్రాము ఆపేశారు. మన మద్రాసులో కూడా 1895లో మొదలైన కరెంటు ట్రాములను 1953లో ఆపారు కదా, ఇంచుమించు అదే కాలం. తరువాత అక్కడి జనం కార్లు కొనుక్కుని ఊరి బయటికి పోయారు, నడిబొడ్డు బోసిపోయింది. దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి వాళ్ళు మొదట చేసిన పనుల్లో ఒకటి ట్రామును తిరిగి తేవడం. 2012లో ఆ లైను వచ్చే ప్రాంతంలో ఉండే ఓటర్లే మేము అదనపు పన్ను కడతామని ఒప్పుకున్నారు. 2016 మే నెలలో నది పక్కన ఉన్న పాత మార్కెట్టు నుంచి యూనియన్ స్టేషను దాకా ట్రాము నడిచింది. దూరం మూడున్నర కిలోమీటర్లే. టికెట్టు లేదు, ఎవరైనా ఎక్కొచ్చు. లైను పక్కన కొత్త ఇళ్ళు, అంగళ్ళు వచ్చాయి. 2025 అక్టోబరులో దాన్ని దక్షిణాన విశ్వవిద్యాలయం దాకా పొడిగించారు.

"అయితే ఊరందరికీ బాగుందా బావా?" అని అడిగాను. "లైను పక్కన ఉండేవాళ్ళకు బాగుంది" అన్నాడు. లైనును ఇంకా చాలా వీధులకు పొడిగించే ప్రతిపాదన 2014లో ఓటుకు వచ్చి ఓడిపోయింది. 2020లో ఆ ఊరు సిటీ బస్సుల్లో కూడా టికెట్టు ఎత్తేసింది, ఆ తరువాత డబ్బు ఎక్కడినుంచి తేవాలన్న చర్చ వచ్చి మళ్ళీ టికెట్టు మాట మొదలైంది. అంత డబ్బున్న దేశంలో కూడా అదే తగాదా అన్నమాట: నడిబొడ్డున మెరిసే లైను ఒకటా, అంచున ఉండేవాళ్ళకు గంటకొక బస్సా?

ఉచిత ప్రయాణం విషయంలో మాత్రం మనం ఎవరికీ తీసిపోలేదు. తమిళనాడులో 2021 మే నెల నుంచి ఆడవాళ్ళకు సాధారణ టౌను బస్సుల్లో టికెట్టు లేదు. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి, తెలంగాణలో అదే ఏడు డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచితం వచ్చింది. సరిహద్దు ఊళ్ళో ఉండే మేము నాలుగు రాష్ట్రాల పథకాలనూ పోల్చి చూసుకుంటాం. చిత్తూరులో ఉండే మా చిన్నమ్మకు ఈ సౌకర్యం వచ్చినప్పుడు, మాకు నాలుగేళ్ళ ముందే వచ్చిందని అమ్మ కొంచెం గొప్పగానే చెప్పింది.

ఈ పథకం మా ఇంట్లో ఏం చేసిందో చెబుతాను. మా అక్కకు వేలూరులో కాలేజీ సీటు వచ్చింది. ఇంట్లో మొదటి మాట ఫీజు గురించి కాదు, బస్సు గురించి. పోయేదానికీ వచ్చేదానికీ రోజూ ఎంత అవుతుంది అని నాన్న లెక్కవేసిన కాగితం నేను చూశాను. టికెట్టు లేని బస్సు ఉంది కాబట్టి ఆ కాగితం చింపేశాడు. తెలుగు మాధ్యమంలో పది చదివిన ఆడపిల్లలు ఆ తరువాత ఆగిపోవడం మా వీధిలో మామూలే. పైచదువు తెలుగులో కావాలంటే చిత్తూరో తిరుపతో పోవాలి, లేదంటే తమిళమో ఇంగ్లీషో పట్టుకుని వేలూరు పోవాలి. ఏదైనా బస్సు ఎక్కాలి. అక్క ఎక్కింది.

కానీ టికెట్టు లేకపోవడం ఒకటి, బస్సు ఉండడం ఇంకొకటి. ఉచితం సాధారణ బస్సులోనే. మిగతా బస్సులు వచ్చి ఆగినా అక్క ఎక్కదు. తెల్లబోర్డు బస్సు కోసం నిలబడుతుంది. పొద్దున పరవాలేదు. సాయంత్రం ల్యాబు ఉన్న రోజు కాలేజీ వదిలేసరికి పొద్దుగూకుతుంది. మెయిను రోడ్డు మీద ఉండే మాకే అలా ఉంటే, రోడ్డుకు లోపల ఉన్న పల్లెల పిల్లలు మెయిను రోడ్డు దగ్గర దిగి చీకట్లో నడవాలి. అక్క స్నేహితురాలు ఒకామె అలాంటి లోపలి ఊరు. మొదటి ఏడాది మధ్యలోనే చదువు మానేసింది. మార్కులు తక్కువై కాదు.

నేను చదివిన దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. బస్టాండు కట్టడానికి డబ్బు ఒక్కసారి కావాలి. ఢిల్లీ నుంచో చెన్నై నుంచో ఒక పథకం వస్తుంది, పని అవుతుంది, ప్రారంభోత్సవం జరుగుతుంది, రాతిమీద పేర్లు చెక్కుతారు. బస్సు నడపడానికి డబ్బు రోజూ కావాలి. డీజిలు, డ్రైవరు జీతం, కండక్టరు జీతం, టైర్లు. రాత్రి ఏడున్నరకు పది మంది ఎక్కే బస్సులో లాభం ఏమీ రాదు, దానికి రాయీ పెట్టరు. స్మార్ట్ సిటీ పథకం 2025 మార్చి 31తో ముగిసిపోయింది. కట్టినవి మిగిలాయి. నడిపేది మాత్రం రోజూ నడపాల్సిందే. 1997లో తమిళనాడులో పల్లెలకోసం మినీబస్సులు తెచ్చినప్పుడు ఈ సంగతి ఎవరో ఆలోచించారు. పెద్ద బస్సు పోలేని దారులకు చిన్న బస్సు. 2025లో ఆ పథకాన్ని మళ్ళీ కొత్తగా మొదలుపెట్టారు. 53 కోట్ల కట్టడం కన్నా నాకు ఈ చిన్న బస్సే పెద్ద వార్త.

ఇంకా పెద్ద డబ్బు కూడా వస్తూ ఉంది. 2022 మే 26న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన అయిదు తమిళనాడు స్టేషన్లలో కాట్పాడి ఒకటి. మిగతా నాలుగు ఎగ్మూరు, మదురై, రామేశ్వరం, కన్యాకుమారి. అంత పెద్ద ఊళ్ళ పక్కన మన కాట్పాడి పేరు చూస్తే సంతోషమే. 2025 ఏప్రిల్‌లో తిరుపతి–పాకాల–కాట్పాడి మధ్య రెండో లైను వేయడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 104 కిలోమీటర్లు, 1,332 కోట్లు. 1890లలో మీటర్ గేజిగా వేసిన ఆ దారినే తరువాత బ్రాడ్ గేజి చేశారు. ఇప్పుడు జంట లైను చేస్తారు. తిరుమలకు పోయే భక్తులకు, సి.ఎం.సి.కి వచ్చే రోగులకు, చిత్తూరులో చుట్టాలున్న మాలాంటివాళ్ళకు అది మేలే. 1911లో వేరుపడిన రెండు జిల్లాల నడుమ రైళ్ళు పెరిగితే మా అవ్వ అందరికన్నా ముందు టికెట్టు కొంటుంది. ఆమె పుట్టిల్లు పాకాల దగ్గర.

అయితే ఆ రైలు దిగి కాట్పాడి స్టేషను బయటికి వచ్చాక? అక్కడి నుంచి వేలూరు వైపు బస్సులు వస్తూనే ఉంటాయి. గుడియాత్తం వైపు తిరిగి నిలబడితే ఎదురుచూపు ఎక్కువ. ఒకే స్టేషను, ఒకే రోడ్డు, రెండు దిక్కులు.

కే.వి.కుప్పం 2019లో తాలూకా అయింది. అదే ఏడు నవంబరులో పాత వేలూరు జిల్లా వేలూరు, రాణిపేట, తిరుపత్తూరు అని మూడు ముక్కలయింది. తాలూకా కచేరీ ఇక్కడికే వచ్చింది కాబట్టి పట్టా కాగితాలకు గుడియాత్తమో కాట్పాడో పోయే పని తగ్గింది. ఇది కూడా ఒకరకంగా రవాణా మీద పెట్టిన పెట్టుబడే అంటాను నేను. మనిషి పోనక్కర లేకుండా కచేరీయే దగ్గరికి వస్తే ఒక బస్సు ఖర్చు మిగిలినట్టే కదా. మా సారు ఈ మాటకు నవ్వారు గానీ కొట్టివేయలేదు.

మొన్న ఆగస్టు 15న గ్రామసభ జరిగింది. అక్క స్నేహితురాలి ఊరి ఆడవాళ్ళు కొందరు, మా అవ్వ, మా అమ్మ కలిసి ఒక అర్జీ ఇవ్వాలనుకున్నారు. వాళ్ళు తెలుగులో చెబుతా ఉంటే నేను తమిళంలో రాశాను. ఒక్కొక్క మాట దగ్గర ఆగి ఇది తమిళంలో ఎలా అని అక్కను అడిగాను. కొత్త బస్టాండు గురించి గానీ రైలు గురించి గానీ అందులో ఏమీ లేదు. రాత్రి ఏడు గంటల తరువాత కాట్పాడి నుంచి ఒక తెల్లబోర్డు బస్సు, అది మెయిను రోడ్డు మీదే కాకుండా లోపలి ఊరి దాకా వచ్చి తిరగాలి. అంతే. పద్దెనిమిది మంది సంతకాలు పెట్టారు. మా అవ్వ తెలుగులో పెట్టింది. అధికారి దాన్ని తీసుకుని రసీదు ఇచ్చారు. జవాబు ఇంకా రాలేదు. రసీదు మా ఇంట్లో రేషను కార్డు పక్కన ఉంది.